పాత ట్రైలర్‌కి సిలికాన్ వైద్యం

అమెరికాలో 1950, 60ల నాటి షాస్టా బ్రాండ్ లాంటి చిన్న క్యాంపర్ ట్రైలర్లు (కారు వెనక తగిలించి లాక్కెళ్లే బండి ఇళ్లు) కొని బాగుచేసుకునేవాళ్ల మధ్య ఓ సలహా తెగ తిరుగుతుంటుంది: "గోడ మెత్తబడితే బయటి రేకు విప్పక్కర్లేదు. కుళ్లిన చోట ఎపాక్సీ హార్డెనర్ (కర్రని గట్టిపరిచే ద్రవం) పోయండి, బయట సందుల్లో సిలికాన్ పట్టించండి, లోపల కొత్త ప్లైవుడ్ కొట్టండి. మరీ పాడైతే ప్రెషర్ ట్రీటెడ్ కర్ర (కుళ్లకుండా మందు ఎక్కించినది) వేయండి, జన్మలో కుళ్లదు." పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

రేకు విప్పక్కర్లేదట. ఈ ట్రైలర్లను ఫ్యాక్టరీలో లోపలి నుంచి బయటికి కట్టారు. ముందు నేల, దానిమీద సన్నటి రీపర్ల చట్రం, లోపలివైపు పల్చటి ప్లైవుడ్, అల్మారాలు, అన్నిటికన్నా చివర్లో అల్యూమినియం రేకు. చట్రం చేతికందాలంటే మళ్లీ బయటినుంచే రావాలి. లోపలినుంచి మొదలుపెడితే బాగున్న అల్మారాలు కూడా పీకాల్సి వస్తుంది. పైగా మరక కనిపించిన చోటే కుళ్లు ఆగదు. నీళ్లు పైకప్పు వెంట్ దగ్గరో, లైట్ల స్క్రూ రంధ్రాల్లోంచో దిగి, కింద వెనక మూలకి చేరతాయి. ఆ మూలన రేకు అంచుల్ని కప్పే పట్టీ విప్పి చూడండి. స్క్రూలు వేళ్లతోనే ఊడొస్తాయి, వాటితోపాటు నల్లటి పొడి రాలుతుంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగుతుంది.

అలాంటి కర్రకి హార్డెనర్ ఏం చేస్తుంది? తడి కర్ర దాన్ని సరిగ్గా పీల్చుకోదు. పైపొర గట్టిపడుతుంది, వెనక తేమ అలాగే ఉంటే కుళ్లు తన పని తాను చేసుకుపోతుంది. రోడ్డుమీద కుదుపులకి స్క్రూ పట్టు నిలవాలంటే గట్టి కర్ర కావాల్సిందే. పూర్తిగా ఆరిపోయిన చోట, కిటికీ మూలన బొటనవేలంత దెబ్బకైతే నేనూ కాదనను.

సిలికాన్ సంగతి ఇంకా ఘోరం. పాత సిలికాన్‌మీద కొత్తది అంటుకోదు, రంగు అసలే పట్టదు. లోపలికి చేరిన నీళ్లకి బయటికి పోయే దారి మూసేస్తుంది. లీకు ఉండేది పట్టీ కింద. పట్టీ విప్పి, ఎండి బిరుసెక్కిన పాత లప్పం గీకి, బ్యూటిల్ టేపు (మెత్తటి రబ్బరులాంటి జిగురు పట్టీ) వేసి బిగించాలి.

ఇక ట్రీటెడ్ కర్ర. 2004 నుంచి అమెరికాలో ఇళ్లకి అమ్మే రకాల్లో ఎక్కువగా రాగి మందే ఉంటుంది. ఆ కర్ర తేమగా ఉండి అల్యూమినియానికి ఆనిందంటే రేకు చిల్లులు పడుతుంది. కర్రని కాపాడబోయి రేకుని పోగొట్టుకున్నట్టు! అదే ట్రైలర్లో నీళ్లు తగలని చోట మామూలు కర్ర అరవై ఏళ్లయినా చెక్కుచెదరకుండా ఉంటుంది. బాగా ఆరిన పైన్ చాలు.

పని ఒక్కో గోడ చొప్పున చేయండి, లోపల ఊతకర్రలు పెట్టుకోండి, లేకపోతే ఆకారం పక్కకి జారుతుంది. వంపు ముక్క ఎంత చివికినా అట్టమీద పెట్టి గీత గీసుకున్నాకే పారేయండి. ముక్క మరీ పొడైపోతే విప్పిన రేకునే కొలతగా వాడండి. వంపు అర అంగుళం తేడా వచ్చినా రేకు తిరిగి ఎక్కించేటప్పుడు పాత స్క్రూ రంధ్రాలు కలవవు.