పెద్ద హాలుకు చిన్న స్పీకర్లు దండగ అన్న మాట తప్పు

వాట్సాప్‌లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పెద్ద హాలుకు చిన్న స్పీకర్లు దండగ. చదరపు అడుగుకు ఒక వాట్ లెక్కన టవర్ స్పీకర్లు (నేల మీద నిలబెట్టే పొడుగాటివి) కొనండి. వాటితోనే బేస్ వస్తుంది. మూలల్లో, ఎత్తులో పెడితే సౌండు హాలంతా నిండుతుంది" అని. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా బాబాయి అది చదివి, పది రోజుల కిందట కొన్న అయిదంగుళాల ఊఫర్లున్న (ఊఫర్ అంటే బేస్ పలికించే పెద్ద కోన్) చిన్న స్పీకర్ల జతను వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాడు. "ఏరా, మోసపోయానా?" అని ఫోన్ చేశాడు. లేదు బాబాయ్, తప్పంతా ఆ మెసేజ్‌దే.

ముందు వాట్ల సంగతి. బాబాయి హాలు, డైనింగ్ కలిసి 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. మెసేజ్ లెక్కన 336 వాట్లు కావాలి. కానీ చూడాల్సింది హాలు వైశాల్యం కాదు, స్పీకర్‌కు మనం ఎంత దూరంలో కూర్చుంటామన్నది. బాబాయి స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెల్స్ (సౌండు ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత). అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 వస్తుంది. రెండున్నర మీటర్ల దూరానికి 8 తగ్గుతుంది, రెండు స్పీకర్లూ కలిస్తే 3 పెరుగుతుంది. మొత్తం 81. ఇంట్లో హాయిగా పాటలు వినడానికి 70-75 చాలు. మధ్యలో డప్పు గట్టిగా పడ్డప్పుడు 95 దాకా లేచినా, దానికి ఒక్కో స్పీకర్‌కు 25 వాట్లు సరిపోతాయి. గోడల నుంచి తిరిగొచ్చే సౌండును ఇందులో కలపనే లేదు.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి సౌండు రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు పొయ్యాలి. పైగా డబ్బా మీద రాసే వాట్లను నమ్మడానికి లేదు. మా ఇంట్లో ఒకప్పుడు ఒక సెట్టు ఉండేది. ముందు 3000 పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరిట వేసే ప్రచారపు వాట్లు) అని పెద్దక్షరాలు, వెనక స్టిక్కర్ మీద కరెంటు వాడకం 60 వాట్లు. గోడ ప్లగ్గు నుంచి 60 తీసుకునేది స్పీకర్లకు 3000 ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? ఆర్‌ఎంఎస్ వాట్లే, అంటే ఎడతెగకుండా నడిచే అసలు వాట్లే అడగండి.

బేస్ విషయంలో మెసేజ్‌లో సగం నిజముంది. అయిదంగుళాల ఊఫర్ చాలావరకు 55-60 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే ఫ్రీక్వెన్సీ లెక్క, తగ్గేకొద్దీ బేస్) దగ్గరే చతికిలబడుతుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. అది పూర్తిగా వినిపించదు. గొంతు, వీణ, వయొలిన్ మాత్రం ఎక్కడికీ పోవు. ఆ లోటు తీరడానికి టవర్లే కొనక్కర్లేదు. బేస్ కోసమే ఉండే విడి స్పీకర్, సబ్‌ఊఫర్, ఒకటి చేర్చి, 80 హెర్ట్జ్ కింది బేస్‌ను దానికి అప్పగించండి. ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే, అదే సౌండుకు కోన్ నాలుగింతలు కదలాలి. ఆ బరువు దిగిపోతే చిన్న స్పీకర్ తేలిగ్గా పాడుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది మూలల్లో, ఎత్తులో పెట్టమనడం. అది పాటించిన ఇల్లు ఎలా ఉంటుందో బాబాయి ఇంట్లో చూశాను. స్పీకర్లు రెండూ ఏడడుగుల షోకేస్ పైన, గోడకు ఆనించి ఉన్నాయి. బాలమురళీకృష్ణ కచేరీ పెట్టాడు. మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) దెబ్బ గుమ్మని మూలలోనే తిరుగుతోంది, గొంతు సీలింగ్ నుంచి ఊడిపడుతున్నట్టుంది. గోడ దగ్గర, అందులోనూ మూలలో, బేస్ ఉబ్బిపోతుంది. ట్వీటర్ (సన్నటి సౌండ్లు పలికే చిన్న భాగం) సౌండు తల పైనుంచి వెళ్లిపోతుంది.

కిందికి దించి, స్టాండ్ల మీద ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టాం. గోడకు అడుగున్నర ఎడం. రెండింటి మధ్య ఎనిమిదడుగులు, మా కుర్చీకి కూడా అంతే. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాను. నున్నటి టైల్స్, అద్దాల కిటికీ, ఖాళీ గోడలు, టింగుమని మోగింది. ఆ మోతలో ఎంత పెద్ద స్పీకర్ పెట్టినా మాట స్పష్టంగా రాదు. పిన్ని బీరువాలోంచి వరంగల్ జంపఖానా తీసి రెండు మడతలు వేసి పరిచింది, కిటికీకి మందపాటి కర్టెన్లు లాగింది. మళ్లీ చప్పట కొడితే ఆ టింగు చాలా తగ్గింది. అదే కచేరీ మళ్లీ పెట్టాం. గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడింది. పిన్ని వంటింట్లోకి వెళ్లబోతూ ఆగి, అక్కడే కూర్చుండిపోయింది.

టవర్లు ఎవరికీ వద్దని నేననను. సోఫా అయిదు మీటర్ల దూరంలోనే ఉండాలంటే పైన చెప్పిన 25 వాట్లు 100 అవుతాయి, అక్కడ చిన్న స్పీకర్ ఆయాసపడుతుంది. ఇంట్లో తరచూ పార్టీలు చేసేవాళ్లకూ అవే మేలు. మిగతావాళ్లు కుర్చీని ముందుకు జరుపుకుంటే చాలు.

బాబాయి జత వెనక్కి ఇవ్వలేదు. సబ్‌ఊఫర్ కోసం శనివారం బెంగళూరులోని ఎలక్ట్రానిక్స్ బజారు, ఎస్‌పీ రోడ్డుకు వెళ్తున్నాం. మీరూ స్పీకర్లు కొనబోతుంటే సెన్సిటివిటీతో పాటు ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) కూడా చూడండి. సెన్సిటివిటీ కొలతను సాధారణంగా 2.83 వోల్టులతో తీస్తారు. 8 ఓమ్స్ స్పీకర్‌కు అది ఒక వాట్, 4 ఓమ్స్‌కు రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్ మీద 88 అని రాసి ఉంటే, ఒక వాట్ లెక్కన అది 85 మాత్రమే.