ఓడ మల్లన్న పెట్రోలు ఖాతా

వరంగల్‌కు సముద్రం లేదు, మీకు పడవల సంగతి ఏం తెలుసని కోస్తా చుట్టాలు అప్పుడప్పుడు ఎత్తిపొడుస్తుంటారు. వాళ్లను నేను ఒకటే అడుగుతాను: మోటుపల్లి రేవులో 1244లో శాసనం వేయించింది ఎవరు? ఓరుగల్లులో కూర్చున్న మా గణపతిదేవుడు. అంతకు ముందు రాజులు, తుఫానుకు ఓడ చెదిరి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా ఊడ్చుకునేవాళ్లు. అది కూడదన్నాడు ఆయన. ప్రాణానికి తెగించి నీళ్లలోకి దిగినవాడి దగ్గర ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం తీసుకుంటాం, మిగతాది వాడిదేనని రాయి మీద చెక్కించి అభయమిచ్చాడు.

ఏడు వందల ఎనభై ఏళ్లు గడిచాయి. పడవవాళ్లను దోచే రాజులు పోయారు. ఆ బాధ్యతను ఇప్పుడు దోస్తులు స్వీకరించారు.

మా దోస్తు ఒకడికి కాళేశ్వరంలో పడవ ఉంది. వాళ్ల నాయిన కాలంలో దాని మీద జనాన్ని అవతలి గడ్డకు, సిరొంచ దిక్కు దాటించేవాళ్లు. వంతెన పడ్డాక దాటేవాళ్లు లేకుండా పోయారు, పడవ మాత్రం ఉండిపోయింది. వీడు హన్మకొండలో నౌకరీ చేసుకుంటూ, నాయిన గుర్తు అని దానికి ఏటా రంగు వేయించి, 10 హార్స్‌పవర్ మోటరు బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఫొటో తీసి మాకు చూపించాడు.

ఇక్కడొక వ్యాకరణ విషయం చెప్పాలి. తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ‘మనం’లో ఎదుటివాడు ఉంటాడు, ‘మేము’లో ఉండడు. ఇంగ్లిషువాడికి రెంటికీ ఒకటే ముక్క, హిందీవాడికీ అంతే. ఇంత చక్కటి సౌకర్యం లేక పాపం వాళ్లు పడవ ఖర్చు పంచుకునే దుస్థితికి దిగజారారని నా అనుమానం. “మన పడవ ఉండంగ లక్నవరం పోయి టికెట్ కొనుడేందిరా!” అని మా బీమా ఏజెంటు అన్న రోజు అందరం ‘మనం’లోనే ఉన్నాం. ఆదివారం బయలుదేరేసరికి ఏడుగురం తేలాం. పడవ దోస్తు, ఏజెంటు, రిటైరైన తెలుగు పంతులు సారు, ఒక కాంట్రాక్టరు, మా తమ్ముడు, మరదలు, నేను.

బండి ఏజెంటుది. గూడెప్పాడ్ దాటకముందే డీజిల్‌కు తలా 200 అన్నాడు, ఎవరూ కిక్కురుమనకుండా ఫోన్లు తీసి పంపారు. పడవ దోస్తు కూడా పంపాడు. అడిగితే ఇస్తారన్న రహస్యం కళ్ల ముందే బయటపడినా వాడు పట్టుకోలేకపోయాడు.

కాటారం దాటాక బంకు కాడ వాడు 15 లీటర్ల డబ్బా దింపాడు. సరిగ్గా అప్పుడే తమ్ముడికి ఫోనొచ్చింది. కాంట్రాక్టరుకు టైర్లలో గాలి మీద అనుమానమొచ్చింది. పంతులు సారు బోర్డుల మీద అక్షరదోషాలు లెక్కపెట్టడంలో మునిగిపోయారు. “జీరో చూస్కోండ్రి సార్” అన్నాడు బంకు పిల్లగాడు. అందరం వచ్చి చూశాం. సున్నాను అంత భక్తిగా చూసిన జనాన్ని ఆ పిల్లగాడు తన సర్వీసులో చూసి ఉండడు. అంకె 1,600 దాటేటప్పటికి మాత్రం మీటరు ముందర ఒక్కడే మిగిలాడు. “నువ్వు పోయించుకొని రా, మేం బండిల కూసుంటం” అని ఏజెంటు అప్పటికే అనేశాడు.

హన్మకొండలో ‘మనం’ అన్నవాళ్లం కాటారంలో ‘నువ్వు’, ‘మేము’గా విడిపోయాం. ఉత్తమ పురుషలో బయలుదేరి మధ్యమ పురుషలోకి దిగామన్నమాట. ఇక ఇంటికి చేరాక “వాడు పెట్రోలు పైసలు అడుగుతడేమోరా” అని చెవులు కొరుక్కున్నది ప్రథమ పురుష. మూడు పురుషలనూ ఒక్క రోజులో చుట్టబెట్టిన యాత్ర ఇది. వ్యాకరణాలు రాసినవాళ్లు ఉత్తమ పురుషకు ఆ పేరెందుకు పెట్టారో నాకు ఆ రోజే అర్థమైంది. అందులో ఉన్నంతసేపే మనిషి ఉత్తముడు.

పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూ-టీ ఆయిల్ కలిపాడు. అన్నీ కలిపి 1,680 రూపాయలు.

గడ్డ విడవగానే కాంట్రాక్టరు అడిగిన మొదటి ముచ్చట “ఎంత మైలేజీ ఇస్తదిరా?” వాడి మోటర్‌సైకిల్ అరవై ఇస్తుందట. పడవకు మైలేజీ ఉండదు, గంటలుంటాయి. రోడ్డు మీద బండిని న్యూట్రల్‌లో వదిలితే కొంత దూరం ఉత్తపుణ్యానికి పోతుంది. నీళ్లు అట్ల పోనియ్యవు, మోటరు ఆపగానే పట్టుకొని నిలబెడతాయి. ఎదురు ప్రవాహంలో పోతుంటే గడ్డ మీది చెట్టు పది నిమిషాలైనా అక్కడే కనబడుతుంది, కాలే పెట్రోలు మాత్రం కాలుతూనే ఉంటుంది. మనిషి పెరిగినకొద్దీ పడవ ఇంకొంచెం దిగుతుంది, దిగినకొద్దీ ఇంకొంచెం తాగుతుంది. పూర్తిగా లాగిస్తే అంత మోటరు గంటకు నాలుగైదు లీటర్లు మింగుతుంది. లీటరు వంద దాటింది 2021లో, ఆ సంగతి మా కాంట్రాక్టరుకు తన మోటర్‌సైకిల్ ఎక్కినప్పుడే గుర్తుకొస్తుంది.

అశ్వశక్తి అని పేరు పెట్టినవాడు తెలివైనవాడు. పది గుర్రాలు తెచ్చి కట్టినవాడే దాణా పెట్టాలి, మాలిష్ చేయాలి. స్వారీ మాత్రం మనది. నిలవ నీళ్లలోకి పోగానే పంకాకు గుర్రపుడెక్క చుట్టుకుంది. పది గుర్రాలు ఒక్క డెక్కకు ఆగిపోయాయి. నడుము లోతు నీళ్లలోకి దిగి దాన్ని కోసింది ఎవరో చెప్పనక్కర్లేదు. మేం పైనుంచి సలహాలిచ్చాం. ఆరుగురం ఆరు రకాలుగా ఇచ్చాం, ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఒక్క దగ్గర మాత్రం దోస్తుకు మొహమాటం లేదు. లైఫ్ జాకెట్ తొడగనిదే తాడు విప్పడు. “ఫొటోల మంచిగ కనబడనన్నా” అని మరదలంటే, “అయితే గడ్డ మీద కూసుంటవా బిడ్డా?” అన్నాడు. 2019 సెప్టెంబరులో పాపికొండలు చూడబోయి కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మా కాజీపేట పక్క కడిపికొండవాళ్లు ఉన్నారు. వాడు ఆ ఊరి పేరెత్తాక పడవలో ఎవరూ జాకెట్ మీద జోకు వేయలేదు. నేనూ వేయను.

మధ్యాహ్నం ఇసుక దిబ్బ మీద దిగాక ఎవరి వాటా వాళ్లు చెల్లించడం మొదలైంది. మరదలు నాలుగు సర్వపిండ్లు తెచ్చింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, పొద్దుగాల నాలుగింటికి లేచిన కష్టం, అన్నీ విడివిడిగా లెక్క చెప్పింది. పైగా “బస్సులల్ల ఆడోళ్లకు ఫ్రీయే గదన్నా” అని మహాలక్ష్మి పథకాన్ని గోదావరి దాకా పొడిగించింది. కాంట్రాక్టరు “నీ పడవను స్టేటస్ పెట్టిన, ఎంతమంది చూసిన్రో చూడు” అని ప్రచారపు ఖర్చు కింద జమ వేసుకున్నాడు. పంతులు సారు ఇంకా పైకి పోయారు. “ప్రాణహిత, గోదావరి, అంతర్వాహిని సరస్వతి. మూడు నదుల్లో మమ్మల్ని తిప్పిన పుణ్యం నీదే నాయనా” అన్నారు. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు లక్షల మంది మునిగిన చోటు కదా, పుణ్యానికి అక్కడ మార్కెట్ రేటు బాగానే ఉంటుంది. బంకువాడు మాత్రం తీసుకోడు.

ఏజెంటు అందరికంటే నిజాయితీపరుడు. “నా వాటా ఫోన్‌పే చేస్త” అన్నాడు. నది నడుమ సిగ్నల్ లేదు. భూపాలపల్లిలో సిగ్నల్ వచ్చింది, బ్యాటరీ పోయింది. హన్మకొండలో బ్యాటరీ, సిగ్నల్ రెండూ ఉన్నాయి, కానీ చీకటి పడ్డాక లక్ష్మిని బయటికి పంపొద్దని వాళ్లమ్మ చెప్పిందట. పొద్దున 200 వసూలు చేసిన లక్ష్మి మరి ఏ ముహూర్తంలో లోపలికొచ్చిందో.

తిరుగు ప్రయాణంలో, మొహమాటానికి, వాటా ఎంతని ఒక చర్చ లేచింది. ఆరుగురి మీద వేయాలా, ఏడుగురి మీద వేయాలా? ఆరైతే 280, ఏడైతే 240. ఆ నలభై రూపాయల మీద గంటసేపు మాట్లాడాం. పడవ ఓనరు కూడా గాలి పీల్చిండు గదా అని ఏజెంటు. బరువును బట్టి వేయాలని సన్నగా ఉండే తమ్ముడు. అట్లయితే సర్వపిండి తిన్నంక బరువా, తినకముందు బరువా అని కాంట్రాక్టరు. ఈ చర్చ జరిగినంతసేపూ మోటరు ఆపలేదు. చర్చకు కాలిన పెట్రోలు ఎవరి ఖాతాలో రాయాలన్నది మళ్లీ ఇంకో చర్చ.

పడవ దిగి గుడికి పోయాం. కాళేశ్వరంలో ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడిది, అంటే యముడిది, ఇంకోటి ముక్తేశ్వరుడిది. ప్రాణం తీసేవాడూ ముక్తినిచ్చేవాడూ ఒకే పీఠం మీద సర్దుకొని ఉన్నారు. మేం నలభై రూపాయల కాడ సర్దుకోలేక గుడి చుట్టూ ప్రదక్షిణలు చేశాం.

నిజం చెప్పాలంటే దోస్తుదీ తప్పుంది. గడ్డ దిగేటప్పుడు నేను జేబులో చెయ్యి పెట్టి (పెట్టానంతే, తీయలేదు) “ఎంతైందిరా?” అన్నాను. “అరె, పైసలేంది బై, మనల మనకు!” అన్నాడు. ఈ మాటకు మన దగ్గర అర్థం ‘ఇంకో రెండుసార్లు అడుగు’ అని. పంక్తిలో ఇంకొంచెం వెయ్యనా అంటే చాలు చాలు అనే మనిషి మూడోసారికి విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి తీసేస్తాడు, అది మర్యాద. మేమేమో ఆ ఒక్క ‘వద్దు’ను రిజిస్ట్రీ చేసిన దస్తావేజులాగా మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న అంటారు. మేం దాటింది కూడా లేదు, ఎక్కిన గడ్డకే దిగాం. అయినా మల్లన్న బోడైపోయాడు. తర్వాత ఆర్నెల్లు వాడు మాకు తప్ప హన్మకొండ చౌరస్తాలో అందరికీ ఆ 1,680 సంగతి చెప్పాడు.

కాబట్టి గణపతిదేవుడి అడుగుజాడల్లో కొత్త అభయశాసనం ప్రతిపాదిస్తున్నాను. జీరో చూసినవాడు చివరి అంకె కూడా చూడవలెను. పడవ ఓనరు వాటా సున్నా. రంగు, ప్లగ్గు, పంకా, గుర్రపుడెక్క కోత రూపంలో వాడిది ఎప్పుడో చెల్లింది. ‘వద్దు’ అన్న మాట మూడుసార్లు అంటేనే చెల్లును. సర్వపిండి సర్వపిండే, పెట్రోలు పెట్రోలే. ఖర్చు మీద ఒక్క రూపాయి ఎక్కువ అడిగితే అది కిరాయి, అప్పుడు మనకు బేరమాడే హక్కు దఖలు పడును. పాత శాసనాల చివర గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారని శాపం ఉంటుంది. దీన్ని తప్పినవారు గోదారి నడుమ ప్లగ్గు తడిసిన పాపాన పోవుదురు.

ఇంత రాసినవాడివి నువ్విచ్చావా అని మీరు అడుగుతారు. ఇచ్చాను. ఆరు వంతులో ఏడు వంతులో తేలలేదు కనుక కాకతీయుల లెక్క పాటించాను. 1,680లో ముప్పయ్యో వంతు, 56 రూపాయలు. ఫోన్‌పే చేసి కింద ‘మోటుపల్లి’ అని కూడా రాశాను. జవాబు రాలేదు.

మొన్న ఆదివారం వాడి స్టేటస్‌లో పడవ కనిపించింది. జాకెట్లు తొడుక్కున్న నలుగురు కొత్త మొఖాలు, అందులో ఒకడి చేతిలో పెట్రోలు డబ్బా. “ఎటు పోతానవ్‌రా?” అని అడిగాను.

“మేం సంగమం కాడికి పోతానం” అని వచ్చింది.

పంతులు సారుకు చూపించాను. కళ్లద్దాలు సవరించుకొని రెండుసార్లు చదివి, వ్యాకరణం సరిగ్గానే ఉందన్నారు.