మోషే పేక ముక్కలు తేలేదు

ఈ మెసేజ్ నాకు మా కజిన్స్ గ్రూపులో వచ్చింది, కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ల గొడవ కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా వచ్చింది. ‘యూదులు మూడు వేల ఏళ్లుగా దాచిన రహస్యం’ అని పైన ఎర్రక్షరాలు, కింద టారో కార్డుల (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల పేక) బొమ్మ, ఆ కింద తెలుగు లిపిలో ఒక హీబ్రూ ప్రార్థన. అందులో చెప్పేది ఇదీ: టారో కార్డుల్ని దేవుడు యూదుల ప్రవక్త మోషేకిచ్చాడు. పెద్ద కార్డులు 22, హీబ్రూ అక్షరాలూ 22, ఇంకేం రుజువు కావాలి? యూదుల ధర్మగ్రంథం పేరైన తోరా అన్న మాటే టారో అయింది. యూదులు రోజూ కార్డు తీసి ‘ఆనా బెకోవాఖ్’ అనే ప్రార్థన చదువుతారు కాబట్టే అంత డబ్బు. చెడ్డ కార్డు వస్తే ప్రయాణమో ఆపరేషనో వాయిదా వేసుకుని నలభై రోజులు వాళ్ల స్వస్థత ప్రార్థన చదవాలి. ఇంకా ఒకటి రెండున్నాయి, వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందే ఒక మాట. కార్డులంటే నాకు పడకపోవడమేం లేదు, నా దగ్గరా ఒక డెక్ ఉంది. యూదుల ప్రార్థనలంటే ఇష్టం కూడా. ఈ రెంటినీ కలిపి ఇలా పంచుతున్న తీరు చూస్తేనే ఒళ్లు మండుతోంది.

మోషే సీనాయి కొండ దిగినప్పుడు చేతిలో ఉన్నవి రాతి పలకలు. పేక ముక్కలు యూరప్‌కి చేరిందే 14వ శతాబ్దం చివర్లో. టారో పుట్టింది ఆ తర్వాత, 1440 ప్రాంతంలో, ఇటలీలో. మిలాన్, ఫెరారా ప్రభువుల ఇళ్లలో పొద్దుపోక ఆడుకునే ఆట అది. 56 ముక్కల పేకకి 22 బొమ్మల తురుపు ముక్కలు (మెసేజ్ చెప్పే పెద్ద కార్డులు ఇవే) కలిపితే 78 అయ్యాయి, అంతే. బంగారు రేకు అద్ది చేత్తో వేసిన అప్పటి ముక్కలు కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. వాటి మీద ఒక్క హీబ్రూ అక్షరం లేదు.

మరి ఈ యూదుల ముచ్చట ఎక్కడిది? పారిస్‌ది. 1781లో కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు, టారో అంటే ఈజిప్టు పూజారుల గ్రంథమని రాసేశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగిన మనిషి భూమ్మీద లేడు. షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ ముడి విప్పింది 1822లో. జెబ్లాఁ పుస్తకంలోని అదే సంపుటిలో ఇంకొకాయన వ్యాసం హీబ్రూ అక్షరాల ప్రస్తావన తెచ్చింది. 1850లలో ఎలిఫాస్ లెవీ వచ్చి 22 అక్షరాలకీ 22 కార్డులకీ పెళ్లిళ్లు చేసేశాడు. పేరు చూసి యూదుడనుకునేరు. పాదిరీ చదువు మధ్యలో వదిలేసిన ఫ్రెంచి కాథలిక్కు. అసలు పేరు ఆల్ఫోన్స్ లూయీ కాన్‌స్టాఁ, హీబ్రూలా వినపడాలని మార్చుకున్నాడు.

1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘానికి లెవీ లెక్క నచ్చలేదు. ఆయన మొదటి అక్షరం ఆలెఫ్‌ని మెజీషియన్ కార్డుకిస్తే, వీళ్లు ఫూల్ కార్డుకిచ్చారు. దాంతో వరస దాదాపు మొత్తం ఒక మెట్టు కిందికి జరిగింది. దేవుడు స్వయంగా ఇచ్చిన జాబితాలో ఏ అక్షరం ఏ కార్డుదో పారిస్ వాళ్లకొకటి, లండన్ వాళ్లకొకటి ఎందుకు చెప్పాడో ఫార్వర్డ్ చేసినవాళ్లెవరైనా నాకు చెప్పాలి. సంఖ్య కలవడమే రుజువంటే క్రికెట్ పిచ్ కూడా 22 గజాలే. సచిన్‌ని కూడా మోషే శిష్యపరంపరలో కలిపేద్దామా?

అయితే కార్డుల్లో హీబ్రూ చూశామనేవాళ్ల కళ్లు తప్పేం కాదు. మనకిక్కడ దొరికే డెక్కుల్లో చాలావరకు 1909లో లండన్‌లో అచ్చయిన బొమ్మల నకళ్లు. ఎలా ఉండాలో ఆర్థర్ వెయిట్ అనే రచయిత చెప్పాడు, పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది, ఇద్దరూ గోల్డెన్ డాన్‌లో ఉన్నవాళ్లే. హై ప్రీస్టెస్ కార్డు తీసి చూడండి. ఆవిడ ఒడిలో చుట్టిన కాగితం, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో తోరా అని ఉంటుంది, కొస అక్షరం పైటచెంగు చాటుకి పోయింది. అటొక నల్ల స్తంభం, ఇటొక తెల్ల స్తంభం. బి, జె అక్షరాలు. సొలొమోను మందిరం ముందు నిలిపిన బోయజు, యాకీను అన్నమాట. వీల్ ఆఫ్ ఫార్చూన్ చక్రం మీద దేవుడి పేరు నాలుగు హీబ్రూ అక్షరాల్లో ఉంది. ఉంది, ఎందుకంటే వాళ్లు పెట్టారు. పెట్టింది ఎప్పుడో, ఎవరో కూడా తెలుసు.

తోరాయే టారో అయిందన్న ముక్క: ఆ ఆట ఇటాలియన్ పేరు తారొక్కి, అంతకు ముందు ట్రయొన్‌ఫి. ఫ్రెంచి వాళ్ల నోట పడి టారో అయింది. తర్వాతిది.

యూదులు రోజూ కార్డు తీస్తారట. బైబిలున్న ఏ ఇంట్లోనైనా ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం తెరిచి చూడండి. శకునాలు చెప్పేవాడు, సోదెగాడు, చిల్లంగివాడు మీలో ఉండకూడదని అక్కడ బల్లగుద్ది చెప్పింది ఆ మోషేయే. ఇక ‘ఆనా బెకోవాఖ్’ నిజమైన ప్రార్థనే, 42 మాటలు. రహస్యమేం కాదు, ప్రార్థన పుస్తకంలో అచ్చయి ఉంది, శుక్రవారం సాయంత్రం సబ్బాతును (వాళ్ల వారపు విశ్రాంతి దినాన్ని) ఆహ్వానిస్తూ చాలాచోట్ల చదువుతారు. అది చదివితే డబ్బొస్తుందన్న మాట మాత్రం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం వెళ్లి చెప్పండి. అక్కడ బెనే ఎఫ్రాయిమ్ అనే యూదు సమాజం ఉంది. తెలుగు మాట్లాడతారు, సబ్బాతు పాటిస్తారు, చాలామంది పొలం కూలీకి వెళ్లే కుటుంబాల వాళ్లు. యూదులంటే డబ్బున్నవాళ్లన్న మాట ఐరోపాలో వాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. దాన్ని మెచ్చుకోలుగా పంపినా నాకు వెగటే.

మెసేజ్‌లో ఇంకొకటి: దేవుడి 72 దివ్యనామాల పట్టికని చదవక్కర్లేదు, కళ్లతో అలా స్కాన్ చేస్తే చాలట. ఆ నామాలు కల్పితం కాదు: నిర్గమకాండం 14లో 19 నుంచి 21 దాకా మూడు వచనాలు, హీబ్రూలో ఒక్కోటి 72 అక్షరాలు, వాటిని పేర్చి తీశారు. అర్థం కాకపోయినా పనిచేస్తాయన్నది ఈ కాలపు వ్యాపారం. క్యూఆర్ కోడ్ అనుకున్నారు కాబోలు.

ఇప్పుడు అసలు సంగతి, ఆపరేషన్. టవర్ కార్డు గానీ డెత్ కార్డు గానీ వస్తే కత్తి జోలికి వెళ్లొద్దంటుంది ఈ మెసేజ్. స్కాన్ రిపోర్టు కవరు విప్పే ముందు ప్రార్థన చదివితే రిపోర్టే మారిపోతుందని కూడా అంటుంది.

మా పిన్నికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఆన్‌లైన్‌లో ఒక రీడర్‌కి డబ్బు కట్టి అడిగింది. టవర్ వచ్చింది, ‘ఇప్పుడొద్దు’ అన్నారు. ఆగింది. రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంది, కళ్లు పచ్చబడ్డాయి, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేర్చాం. ఇప్పుడు బాగానే ఉంది. ఆ రీడర్ మాత్రం ‘కార్డు నిజమే చెప్పింది చూశారా’ అని మెసేజ్ పెట్టారు. దానికేం జవాబు చెప్పాలో నాకింతవరకు తోచలేదు, తోచినవి రాయదగ్గవి కావు.

సరే, వాళ్ల ప్రార్థన పేరు చెప్పి కదా ఇదంతా. ఆ సంప్రదాయం ఏమంటుందో చూద్దాం. యూదుల ప్రాచీన ధర్మశాస్త్రం మిష్నాలో ప్రార్థనల గురించిన భాగంలోనే ఉంది: ఒకడు ఊరికి తిరిగొస్తున్నాడు, ఊళ్లోంచి ఏడుపులు వినపడ్డాయి, ‘దేవుడా, అది మా ఇల్లు కాకుండా చూడు’ అన్నాడు. అది వ్యర్థ ప్రార్థన అంటారు రబ్బీలు, అంటే వాళ్ల మతపండితులు. జరగాల్సింది జరిగిపోయింది, అది ఎవరిల్లో ఈపాటికి తేలిపోయింది. కవర్లో ఉన్న స్కాన్ రిపోర్టు కూడా అంతే. మీ మెసేజ్ దేన్ని మహిమ అంటోందో, ఆ మతం దాన్ని పేరు పెట్టి మరీ కొట్టేసింది.

రోగుల కోసం చేసే స్వస్థత ప్రార్థన ‘మీ షెబెరఖ్’ని సినగాగులో, అంటే వాళ్ల ప్రార్థనా మందిరంలో, తోరా చదివే వేళ చదువుతారు. రోగి పేరు తల్లి పేరుతో కలిపి చెబుతారు, ఫలానా అమ్మ కొడుకు, ఫలానా అమ్మ కూతురు అని. మనసుకీ ఒంటికీ రెంటికీ స్వస్థత అడుగుతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దని అందులో లేదు, ఉండే అవకాశం లేదు. ప్రాణం మీదికి వస్తే సబ్బాతునైనా పక్కన పెట్టమంటుంది వాళ్ల ధర్మం. వాళ్ల మహా పండితుల్లో ఒకడైన మైమోనిడీస్ కైరోలో రోగుల్ని చూసే వైద్యుడు. నలభై రోజులు ఆపరేషన్ ఆపమంటే ఆయనేమనేవాడో మీరే ఊహించుకోండి.

ఇంతా తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. యూదులు శకునం జోలికే పోలేదనడం కూడా అబద్ధమే. దారిన పోయే పిల్లవాణ్ణి ఆపి ‘ఇవాళ ఏ వచనం నేర్చుకున్నావు, చెప్పు’ అని అడిగి, దాన్ని తన సంగతికి అన్వయించుకున్న పెద్దలు మిష్నా మీద చర్చల గ్రంథమైన తల్ముద్‌లో ఉన్నారు. పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి వచనం చూసుకునే పద్ధతి ఒకటి 18వ శతాబ్దపు విల్నా పండితుడి పేరు మీద నేటికీ ఉంది. అమెరికాలో కొందరు యూదులు పస్కా పండుగ రెండో రాత్రి నుంచి 49 రోజులు లెక్కపెట్టే కాలంలో రోజుకొక కార్డు ముందు పెట్టుకుని కూర్చుంటారు. చాలామంది రబ్బీలకు నచ్చదు. నాకు మాత్రం తప్పనిపించదు.

ఎందుకంటే కార్డు అలా పనికొస్తుంది. ఒక రాత్రి నాకు ఫైవ్ ఆఫ్ కప్స్ వచ్చింది. నల్ల గుడ్డ కప్పుకున్న మనిషి తల దించుకుని ఉంటాడు, ఎదుట మూడు గిన్నెలు ఒలికిపోయి ఉంటాయి. వెనక రెండు నిలబడే ఉన్నాయి, అతను చూడటం లేదు. ఆ రోజు ఆఫీసులో జరిగిన గొడవ తప్ప ఇంకేం గుర్తులేని నన్ను ఆ రెండు గిన్నెలు కాసేపు ఆపాయి. పడుకునే ముందు యూదులు చదివే ప్రార్థన ఒకటుంది, ఇవాళ నన్ను నొప్పించినవాళ్లందరినీ క్షమిస్తున్నానని మొదలవుతుంది. దాన్ని చదివాను. మా మేనేజర్ దగ్గర ఆగిపోయాను. అంతకు మించి ఏ రహస్యం బయటపడలేదు, ఏ మహిమా జరగలేదు, మర్నాడు జీతం పెరగలేదు.

చివర్లో, దీన్ని 18 మందికి పంపకపోతే ఫలితం ఉండదని రాశారు. 18 యూదులకు శుభసంఖ్య అన్నది నిజమే. ఆ లెక్కన వాళ్లు 18, 36, 180 అని దానాలిస్తారు. ఫోన్లో 18 మందిని వెతికే ఓపిక ఉన్నవాళ్లు మీ వీధిలో అవసరమున్న ఎవరికైనా 180 రూపాయలు ఇవ్వండి, ఈ మెసేజ్‌లో లేని యూదు సంప్రదాయం ఒకటైనా పాటించినట్టవుతుంది.