పెద్ద రిగ్గా, తగిన రిగ్గా?

చంద్రగిరి దాటాక కొండ వాలులో ఒక మామిడి తోట. ఆరున్నర అంగుళాల బోరు 140 అడుగుల దగ్గర ఆగిపోయింది. కేసింగ్ పైపుల (బోరు గోడ కూలకుండా దించే గొట్టాల) కోసం ట్రాక్టరు వెళ్లింది. రిగ్గు నీడలో మామా అల్లుళ్లు. మామ ముప్పై ఏళ్లుగా డ్రిల్లరు. అల్లుడు పలమనేరులో సొంత రిగ్గు పెట్టాలని కొటేషన్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ల వాదన పక్కనే కూర్చుని విన్నాను. ఒకటి రెండు చోట్ల నా మాట కూడా కలిపాను.

అల్లుడు: లెక్క తేలిపోయింది మామా. 1100 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి, 350 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి. ఇంతకు తక్కువ కంప్రెసర్ నాకొద్దు. మావైపు వెయ్యి అడుగులు దిగనిదే రైతు ఒప్పుకోవడం లేదు. చిన్న రిగ్గు తెచ్చి ఎవరికి బోరు వేయను?

మామ: నువ్వు లారీ దగ్గర మొదలుపెట్టి రాతి దగ్గరికి వస్తున్నావు. ముందు రాయి ఏమిటో చూడాలి. తర్వాత బోరు వెడల్పు, దానికి సరిపడే హ్యామర్, అంటే గాలితో నడిచే సుత్తి, ఆ హ్యామర్ తాగే గాలి, ఆ గాలిని ఇచ్చే కంప్రెసర్. లారీ సంగతి అన్నిటికన్నా చివర.

అల్లుడు: ఏ రాయైతే ఏమిటి? డీటీహెచ్ (డౌన్ ద హోల్) పద్ధతి గొప్పతనమే అది కదా. హ్యామర్ బోరు అడుగునే ఉంటుంది, పిస్టన్ నేరుగా బిట్టు (రాతిని నలిపే మొన) నెత్తిన కొడుతుంది. పైనుంచి కొట్టే డ్రిల్లులో ప్రతి రాడ్డు (డ్రిల్లు గొట్టం) అతుకు దగ్గరా దెబ్బ కొంత చచ్చిపోతుంది. ఇందులో ఆ నష్టం లేదు. ఒత్తిడి పెంచితే వేగం పెరుగుతుంది.

మామ: తిరుమల ఘాట్ రోడ్డులో అడుగున గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న చోటు ఉంది. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఎన్నిసార్లు కొండెక్కావు, ఒక్కసారైనా ఆగి చూశావా? రెండూ గట్టి రాళ్లే. గ్రానైట్‌లో ఇతర ఖనిజాలు కూడా కలిసి ఉంటాయి. క్వార్ట్‌జైట్ దాదాపు మొత్తం పలుగురాయే (క్వార్ట్జ్). అది బిట్టును ఆకురాయిలా అరగదీస్తుంది. నీ పలమనేరు లెక్క ఇక్కడ పెడితే డీజిలు కంటే ముందు బిట్లే నిన్ను ముంచుతాయి.

(మామ లేచి గోనెసంచి మీద ఉన్న పాత బిట్టును దొర్లించాడు. నడిమి బటన్లు (రాతిని కొట్టే గట్టి లోహపు బుడిపెలు) ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. అంచు బటన్ల నెత్తి మాత్రం బల్లపరుపై, గోటితో రాస్తే జారేంత నున్నగా మెరుస్తోంది.)

మామ: ఈ చదును బటన్ వెడల్పులో మూడో వంతుకు వచ్చేసరికి బిట్టు బయటికి తీసి, బటన్లను మళ్లీ గుండ్రంగా సానపట్టాలి. దీన్ని అప్పుడు తీయలేదు. ఇంకో రెండు రాడ్లు, ఇంకో రెండు రాడ్లు అంటూ తోలారు.

అల్లుడు: అరిగితే కొత్తది వేస్తాను.

మామ: ఎక్కడ వేస్తావు? అరిగిన బిట్టు చేసిన బోరు అడుగుకు పోయేకొద్దీ సన్నబడి ఉంటుంది. అందులోకి నిండు వెడల్పున్న కొత్త బిట్టు దించితే మేకులా దిగబడుతుంది. నా కళ్ల ముందు ఒక రైతు పొలంలో 600 అడుగుల దగ్గర అలాగే ఇరుక్కుంది. డ్రిల్లరు కంగారులో రాడ్లను వెనక్కి తిప్పాడు. మరలు ఊడి హ్యామర్, బిట్టు రెండూ లోపలే ఉండిపోయాయి. వెనక్కి తిప్పకూడదని మొదటి రోజే నేర్పాలి, ఎవరూ నేర్పలేదు. అందుకే బిట్లు కొనేటప్పుడే వెడల్పు కొలిచి వరుస పెట్టుకోవాలి. వెడల్పైనది ముందు, సన్నది తర్వాత. నీ కొటేషన్‌లో బిట్లు ఎన్ని ఉన్నాయి?

అల్లుడు: ...ఒకటి. సరే, ఆ మాట ఒప్పుకుంటాను. నా మాట కూడా వినండి. 500 అడుగుల దగ్గర చీలిక తగిలి, 300 అడుగుల ఎత్తు నీళ్లు బోరులో నిలిచాయనుకుందాం. ఆ నీటి బరువే హ్యామర్ మీద దాదాపు 130 పీఎస్ఐ. చిన్న రిగ్గు మీదుండే 150 పీఎస్ఐ కంప్రెసర్‌కు మిగిలేది ఎంత? హ్యామర్ మూలుగుతుంది, దెబ్బ పడదు. నాకు 220 మిగులుతుంది. అంటే నీళ్లు పడ్డచోటే చిన్న రిగ్గు చేతులెత్తేస్తుంది.

(అల్లుడి లెక్కలో తప్పు లేదు. లోతు బోరుకు ఒత్తిడి ఆడంబరం కాదని నేనూ అన్నాను. మామ తల ఊపాడు, వెంటనే రాడ్డు మీద చెయ్యి వేశాడు.)

మామ: ఒత్తిడి ఒప్పుకున్నాను. కానీ దెబ్బ కొడితే సరిపోదు, రాతి నూక పైకి రావాలి కదా. బోరుకూ రాడ్డుకూ మధ్య సందులో గాలి నిమిషానికి కనీసం 3000 అడుగుల వేగంతో లేవాలి. ఆరున్నర అంగుళాల బోరులో నాలుగున్నర అంగుళాల రాడ్డుంటే 450 సీఎఫ్ఎం గాలి కూడా ఆ వేగం దాటుతుంది. అదే గాలికి మూడున్నర అంగుళాల రాడ్డు వేయి, సందు వెడల్పై వేగం 2800కు పడిపోతుంది. నూక పైకి రాకుండా హ్యామర్ చుట్టూ పేరుకుంటుంది. బిట్టు నలిగిన రాతినే మళ్లీ నలుపుతూ కూర్చుంటుంది. సన్న రాడ్డు చవకని ఎవరైనా చెబితే నమ్మకు.

అల్లుడు: రాడ్డు సంగతి రాసుకుంటాను. వేగం మాటేమిటి? రోజుకు ఎక్కువ అడుగులు పడితేనే కదా గిట్టుబాటు.

మామ: వేగం కోసం లీవరు నొక్కి పెట్టేవాళ్లను చూశాను. బోరు పైభాగంలో కొంచెం నొక్కాలి, నిజమే. లోతుకు పోయాక 20 అడుగుల రాడ్లు ముప్పై, నలభై వేలాడుతుంటాయి. ఆ బరువే ఎక్కువ. అప్పుడు నొక్కకుండా పైకి పట్టి ఉంచాలి. పట్టకపోతే బోరు వంకరపోతుంది, రేపు రైతు మోటారు దించితే మధ్యలో ఆగుతుంది. తిప్పడం కూడా నిదానమే. గట్టి రాతిలో నిమిషానికి ఇరవై, ముప్పై చుట్లు చాలు. ఎక్కువ తిప్పితే అరిగేది అంచు బటన్లే. ఈ చేతి పనితనం కొటేషన్‌లో రాదు అల్లుడూ.

అల్లుడు: మరి ఈ బోరు ఎందుకు ఆగింది? డ్రిల్లరు మీరే కదా.

మామ: తప్పు నాదే. కేసింగ్ 40 అడుగులు చాలని యజమాని అన్నాడు, నేను తలాడించాను. ఇది కొండ అడుగు. మట్టిలో క్వార్ట్‌జైట్ గుండ్లు కలిసి పడి ఉంటాయి. గట్టి రాయి తగిలిందనుకున్నది ఒక పెద్ద గుండు. దాని కింద మళ్లీ మట్టే. పక్కల నుంచి రాళ్లు రాలి హ్యామర్ నెత్తిన పడ్డాయి. దేవుడి దయవల్ల బయటికి వచ్చింది. ఇప్పుడు కేసింగ్ తీసి, వెడల్పు చేసి, అసలు బండ దాకా దించాలి. దీనికి 350 పీఎస్ఐ ఏం చేస్తుంది?

(దుమ్ము పట్టి కనుబొమ్మలు తెల్లబడిన హెల్పరు కుర్రాడు నీళ్లు అడిగాడు. మూతికి తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఇదేం పని అని నేనే గట్టిగా అడిగాను. ఆ తెల్లని పొడి పలుగురాతి దుమ్ము. ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, సిలికోసిస్ జబ్బు తెస్తుంది. గాలిలో నీటి తుంపర కలిపే పంపు రిగ్గు మీదే ఉంది, ఆన్ చేయలేదు.)

అల్లుడు: నీళ్లు కలిపితే నూక రంగు తెలియదని, వేగం తగ్గుతుందని ఆపుతారు.

మామ: తగ్గితే తగ్గనీ. వాడికి ఇరవై ఏళ్లు లేవు. ఇది వాదించే విషయం కాదు.

అల్లుడు: కాదు. ఇక లోతు సంగతి చెప్పండి.

మామ: నా అసలు భయం అదే. గ్రానైట్‌లో నీరు ఉండేది పైనున్న, పొడిపొడిగా మారిన రాతి పొరలో, దాని కింది చీలికల్లో. లోతుకు పోయేకొద్దీ చీలికలు పలచబడతాయి. ఇంత పెద్ద రిగ్గుకు అప్పు చేస్తే నెల నెలా కంతు ఉంటుంది. 600 దగ్గర పొడి దుమ్మే వస్తున్నప్పుడు రైతు నీ మొహం చూసి అడుగుతాడు, ఇంకో వంద వేద్దామా అని. కంతు గుర్తున్నవాడు వద్దని చెప్పగలడా? అడుగుకు ఇంతని డబ్బు కట్టేది ఆ రైతే.

అల్లుడు: చిన్న రిగ్గు పెట్టుకున్నవాడు నీటి ఒత్తిడికి ఆగిపోయి, ఇక్కడ నీళ్లు లేవని చెప్పి వెళ్లిపోతే? ఆ రైతుకు అదీ అన్యాయమే కదా మామా. పక్క పొలంలో ఇంకో బోరుకు మళ్లీ అప్పు చేస్తాడు.

(మామ చాలాసేపు మాట్లాడలేదు. నాకూ జవాబు తోచలేదు.)

మామ: అయితే రెండు పనులు చెయ్యి. కంప్రెసర్ సెకండ్‌హ్యాండ్‌ది చూడు, కంతు తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో లావు రాడ్లు, నాలుగు బిట్లు, సాన యంత్రం కొను. ముందుగా ఆ కుర్రాడికి సరైన మాస్కు. ఎక్కడ ఆపాలో బోరు మొదలవకముందే రైతుతో మాట అనుకో, కాగితం మీద పెట్టు.

అల్లుడు: కంప్రెసర్ ఒత్తిడి మాత్రం తగ్గించను.

మామ: తగ్గించమని ఎవరన్నారు?

ట్రాక్టరు శబ్దం వినిపించింది. అల్లుడు కొటేషన్ వెనుక బిట్ల వెడల్పులు వరుసగా రాసుకుంటూ లేచాడు. మామ రిగ్గెక్కి ముందు నీటి పంపు తిప్పి చూశాడు. తుంపర పడింది.