నక్కనూనె జాడీలో నా వేలు

వేలు ఇంకా వాచే ఉంది. ఎడమచేత్తో టైపు కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పాత ఇంగ్లిష్ మందుల జాడీలు పోగేసే పిచ్చి నాకు. మట్టిపాత్ర మీద తగరం కలిపిన తెల్లటి పూత, దాని మీద నీలిరంగులో దేవదూతలు, పిట్టలు, మధ్యలో లాటిన్‌లో పొట్టిగా మందు పేరు. లండన్, బ్రిస్టల్, లివర్‌పూల్ కుమ్మరుల పనితనం. లేహ్యాలవి కొమ్ము లేని జాడీలు. సిరప్పులవీ నూనెలవీ అయితే కింద పీట, పక్కన కొమ్ము, అచ్చం మన కొమ్ముచెంబే. నిన్న లండన్‌లో ఒక వేలంశాలకి వెళ్లింది అలాంటిదాని కోసమే. 1740 ప్రాంతానిది. వీటికి ముందు విరిగేది కొమ్మే, ప్లాస్టర్‌తో అతికి రంగేసి అమ్మేవాళ్లకు కొదవలేదు. వేలంవాళ్ల కండిషన్ రిపోర్టు చూస్తే ‘అంచున మామూలు పెచ్చులు’ అని ఒకే ముక్క. ఫొటోలన్నీ ముందువైపు నుంచే. మరి కొమ్ములో వేలు పెట్టి చూడక చస్తామా?

పెట్టాను. రెండో కణుపు దాటాక గరుగ్గా తగిలింది. ప్లాస్టరే! ఆ ఆనందంలో లాగితే వేలు రాలేదు.

జాడీ మీద ‘ఓ. వల్పిన్’ అని రాసుంది. నక్కనూనె. నిజం నక్కే. పదిహేడో శతాబ్దపు లండన్ వైద్యుల ఔషధ సంహితలో తయారీ ఉంది: బలిసిన నడివయసు నక్కను పట్టి, చర్మం, పేగులు తీసేసి, ఎముకలు విరగ్గొట్టి, వైన్లో, నీళ్లలో ఉడికించి నూనె చేస్తారు. దేనికయ్యా అంటే కీళ్లనొప్పులకి. ఆ క్షణాన నాకు కావలసింది అదే కదా, వాచిన కణుపుకి కాస్త నూనె! పైన అంత అందంగా పేరు రాసుకున్న జాడీలో చుక్క లేదు. బలుపూ, నడివయసూ మాత్రం బయట నా రూపంలో సిద్ధంగా ఉన్నాయి.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి క్రీము తీసింది. "అది పూత పగుళ్లలోకి దిగితే మరక పడుతుంది మేడమ్, నిపుణుడి అనుమతి కావాలి" అన్నాడు ఏప్రన్ కట్టుకున్న కుర్రాడు. నిపుణుడెక్కడ? లంచ్‌కెళ్లాడు. ఎప్పుడొస్తాడు? చెప్పలేం. ఈలోగా ఫారం నింపి సంతకం పెట్టాలట.

"కుడిచేయి జాడీలో ఉంది నాయనా!"

"ఎడమచేత్తో అయినా ఫర్వాలేదు సార్."

ఈలోపు ఒక ముసలాయన అతినీలలోహిత టార్చి తెచ్చి జాడీనీ నా వేలినీ కలిపి పరీక్షించాడు. "ఇది తర్వాత అతికించిందే" అని తేల్చాడు. దేని గురించో నేను అడగలేదు.

వేలు ఎలా వచ్చిందో వదిలేయండి. వచ్చింది, వెంట గోటి మీద పట్టేంత ప్లాస్టర్ ముక్కతో. ఇది 1740 మట్టి కాదు, మొన్నీమధ్య చేసిన మరమ్మతు అని మొత్తుకున్నాను. కుర్రాడు దాన్ని పట్టకారుతో తీసి కవర్లో వేసి లాట్ నంబరు రాసుకున్నాడు.

రాత్రికల్లా రిపోర్టు మారింది: ‘అంచున మామూలు పెచ్చులు, కొమ్ము లోపల ఇటీవలి చిన్న దెబ్బ.’ అతుకు మాట ఎక్కడా లేదు. పైగా నాకో మెయిలు, పాడిన ధర మీద తమ కమిషన్ అదనమని మర్చిపోవద్దట.