బీపీ మాత్ర మొదలుపెట్టే ముందే హార్మోన్ల పరీక్ష చేయించాలి

బీపీ మాత్రలు రక్తనాళాలను వదులు చేస్తాయని మాత్రమే చాలామంది అనుకుంటారు. నిజానికి మందుల షాపుల్లో రోజూ అమ్ముడయ్యే ఈ మాత్రల్లో చాలావరకు ఒక హార్మోన్ల గొలుసును ఎక్కడో ఒకచోట తాకేవే. రక్తపోటు పడిపోయినా, ఒంట్లో ఉప్పు తగ్గినా మూత్రపిండాలు రెనిన్ అనే ఎంజైమ్‌ను విడుదల చేస్తాయి. దాని వల్ల పుట్టే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ రక్తనాళాలను బిగిస్తుంది, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల చేత ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోన్‌ను స్రవింపజేస్తుంది. ఆల్డోస్టెరాన్ ఉప్పును ఒంట్లో నిలిపి, పొటాషియంను మూత్రంలోకి పంపేస్తుంది.

బీపీ మాత్రల్లో రామిప్రిల్ యాంజియోటెన్సిన్-2 తయారీకి అడ్డుపడితే, టెల్మిసార్టాన్ దాని పనిని అడ్డుకుంటుంది. ఈ రెండింటి వల్లా రెనిన్ పెరుగుతుంది. ఆల్డోస్టెరాన్ మొదట తగ్గినా, కొందరిలో కొన్ని నెలలకు మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే క్లోర్‌థాలిడోన్ రెనిన్‌నూ ఆల్డోస్టెరాన్‌నూ పెంచుతుంది, మెటోప్రొలాల్ రెనిన్‌ను అణచివేస్తుంది.

ఇదంతా డాక్టర్లకు తెలిసిన విషయమే అయినా, రోగికి నష్టం జరిగేది ఇక్కడే. అడ్రినల్ గ్రంథి అదుపు తప్పి ఆల్డోస్టెరాన్‌ను అతిగా స్రవించి, బీపీని పెంచే జబ్బును అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ 1955లో వివరించారు. ఆల్డోస్టెరాన్‌కూ రెనిన్‌కూ ఉన్న నిష్పత్తిని రక్తపరీక్షలో చూసి, అది ఎక్కువగా ఉంటే దీన్ని అనుమానిస్తారు. అయితే మన దగ్గర ఈ పరీక్ష, రాసినా, మూడు నాలుగు మందులు వాడినా బీపీ దిగిరాని దశలోనే రాస్తున్నారు. అప్పటికే మందులు అంకెలను మార్చేసి ఉంటాయి: టెల్మిసార్టాన్ వల్ల జబ్బు ఉన్నా లేనట్టు, మెటోప్రొలాల్ వల్ల లేకున్నా ఉన్నట్టు కనిపించవచ్చు. మొదటి మాత్ర రాయకముందే ఒక్కసారి రక్తం తీసి చూస్తే ఈ చిక్కు చాలావరకు ఉండదు. బీపీ ఉన్న వారందరికీ ఈ పరీక్ష చేయడం మంచిదని అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది. ఖర్చు మాటెలా ఉన్నా, చిన్న వయసులోనే బీపీ వచ్చినవారికీ, పొటాషియం తక్కువగా ఉన్నవారికీ దీన్ని వాయిదా వేయడం నా దృష్టిలో సమర్థనీయం కాదు.

ఆల్డోస్టెరాన్‌ను అడ్డుకునే స్పైరనోలాక్టోన్ చవకైన పాత మందు. మూడు మందులకూ లొంగని బీపీకి అదనపు మందుగా ఇదే ఎక్కువ మేలు చేసిందని 2015లో వెలువడిన పాత్‌వే-2 అధ్యయనం తేల్చింది. కాకపోతే ఇది పురుష హార్మోన్ల పనికీ అడ్డుపడుతుంది కనుక కొందరు మగవారిలో రొమ్ములు ఉబ్బి నొప్పి పెడతాయి. ఈ సంగతి డాక్టరు ముందే చెప్పకపోతే, రోగి సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేక మాత్ర మానేసే ప్రమాదం ఉంది. పొటాషియం పెరిగిపోకుండా రక్తపరీక్షలు కూడా తప్పనిసరి.

ఇప్పటికే మందులు వాడుతున్నవారు పరీక్ష కోసం సొంతంగా మాత్రలు ఆపకూడదు. రెనిన్‌ను పెంచాల్సిన టెల్మిసార్టాన్ వేసుకుంటున్నా రెనిన్ అణగే ఉండి, ఆల్డోస్టెరాన్ ఎక్కువగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఆపై స్కానింగ్‌తోనూ, అడ్రినల్ సిరల నుంచి తీసిన రక్తంతోనూ లోపం ఒకవైపు గ్రంథిలోనే ఉందని తేలితే, ఆ గ్రంథిని తొలగించే శస్త్రచికిత్సతో కొందరికి బీపీ మాత్రల అవసరమే లేకుండా పోతుంది.