తుపానుకున్న లెక్క లాభాల అంచనాలకు లేదా?

త్రైమాసిక ఫలితాల సీజన్ రాగానే కంపెనీల లాభాలపై ఏ బ్రోకరేజీ విశ్లేషకుడి అంచనా నిజానికి దగ్గరగా వచ్చిందో ర్యాంకులు వేసి చూపే పట్టికలు విజయనగరం, శ్రీకాకుళం మదుపరుల ఫోన్లలోకీ వచ్చి పడుతుంటాయి. వాటిలో చాలావాటిని నమ్మనక్కర్లేదన్నది నా వాదన. ఆర్, స్టాటా, సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్లలో దేనికిచ్చినా ఒకే డేటాకు ఒకే సగటు వస్తుంది కాబట్టి తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. దేన్ని దేనితో భాగించాలో, ఎవరిని ఎవరితో పోల్చాలో దాన్ని నడిపే మనిషి ముందే తేల్చేసుకుంటాడు, అసలు చిక్కంతా అక్కడే.

ఒక కంపెనీ షేరుకు 2 రూపాయల ఆర్జన ఉంటుందని ఒకరు చెబితే 1 రూపాయే వచ్చిందనుకుందాం, తప్పు 100 శాతం. మరో కంపెనీకి 55 రూపాయలని ఇంకొకరు చెబితే 50 వచ్చింది, తప్పు 10 శాతం. పట్టికలో మొదటివారు అట్టడుగున ఉంటారు. కానీ మొదటి షేరు ధర 200, రెండోదాని ధర 1,000 రూపాయలైతే, తప్పును ధరతో భాగించినప్పుడు ఇద్దరిదీ సరిగ్గా అర శాతమే. ఆర్జన సున్నాకు దగ్గరపడిన కంపెనీల విషయంలో శాతాలకు అర్థమే ఉండదు. ఇక ఫలితాలకు వారం ముందు అంచనా సవరించుకున్నవారిని, పదకొండు నెలల ముందే చెప్పి ఊరుకున్నవారిని ఒకే వరుసలో కూర్చోబెట్టే పట్టికల గురించి చెప్పేదేముంది!

2015 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్ రెడ్డీస్‌కు ఇచ్చిన హెచ్చరిక లేఖలో మిర్యాలగూడ, దువ్వాడ యూనిట్లతో పాటు శ్రీకాకుళం ప్లాంటు పేరూ ఉంది. అలాంటి దెబ్బ తగిలిన కంపెనీ విషయంలో విశ్లేషకులందరూ ఒకే వైపు తప్పే అవకాశం ఎక్కువ. ఆ అంకెలను అసాధారణమైనవంటూ కోసేస్తే విశ్లేషకులు మేధావుల్లా కనబడతారు, ఉంచేస్తే ఆ ఒక్క కంపెనీని పట్టించుకున్న పాపానికి కొందరు నష్టపోతారు. అదే కంపెనీకి, అదే ఏడాదికి అంచనా వేసిన అందరి సగటు తప్పుతో ఒక్కొక్కరి తప్పునూ పోల్చడమే దీనికి మందు. 1999 నుంచీ పరిశోధకులకు బాగా తెలిసిన పద్ధతే ఇది.

అయితే వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. అసలు ఏ విశ్లేషణా లేని అంచనాకంటే వీరిది ఎంత మెరుగు? దీనికి జవాబెలా చెప్పాలో ఈ తీరానికి వాతావరణ శాఖ ఎప్పుడో చూపించింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుల దారిని 24, 48, 72 గంటల ముందు ఎన్ని కిలోమీటర్ల తేడాతో చెప్పిందో ఆ శాఖ తానే లెక్కగట్టి ప్రకటిస్తుంది. పాత తుపానుల పోకడను, ప్రస్తుత కదలికను మాత్రమే చూసి చెప్పే సాదా పద్ధతితో తన అంచనాను పోల్చి, ఎంత మెరుగో కూడా చూపుతుంది. లాభాల విషయంలో అంత సాదా పద్ధతి ‘పోయిన ఏడాది ఎంతో ఈ ఏడాదీ అంతే’ అనుకోవడం. పాత లాభాల వరుసను మాత్రమే చూసి లెక్కగట్టే కాలశ్రేణి నమూనాలకంటే విశ్లేషకులే మేలని 1978 నాటి ఒక ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. 2012లో వచ్చిన పునఃపరిశీలన మాత్రం, చిన్న కంపెనీల విషయంలోనూ దూరపు గడువుల్లోనూ ఆ సాదా అంచనాయే నెగ్గుతుందని చూపింది. ఇద్దరి తప్పుల మధ్య తేడా నిజమైనదో యాదృచ్ఛికమో చెప్పే డీబోల్డ్–మారియానో పరీక్ష 1995 నుంచీ ఉంది, ఆర్‌లో ఒక్క ఆదేశంతో నడుస్తుంది. నాలుగు త్రైమాసికాల ర్యాంకులను ఆ పరీక్షకు పెడితే ఎన్ని నిలబడతాయో సందేహమే.

తప్పుల చిట్టా బయటపెడితే విశ్లేషకులు సాహసించడం మానేసి అందరి సగటు చుట్టూనే చేరతారన్నది ఎదుటివారి వాదన. భయం నిజమే గానీ, ఆ గుంపుతత్వం ఇప్పుడు మాత్రం లేదా? కనీసం చిట్టా ఉంటే ఎవరు గుంపులో ఉన్నారో తెలుస్తుంది.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014 నిబంధనల ప్రకారం పరిశోధన విశ్లేషకులు తమ సొంత వాటాలను, ప్రయోజన వైరుధ్యాలను వెల్లడించాలి. వాటి పక్కన గత పన్నెండు త్రైమాసికాల అంచనా, అది వేసిన తేదీ, వచ్చిన వాస్తవం కూడా అచ్చు వేయించాలి. ఆర్ ఉచితంగా దొరుకుతుంది. విశ్లేషకుల పాత అంచనాలను క్రమంగా సేకరించిన డేటాబేసులకు మాత్రం భారీ చందా కట్టాలి. ఆ మూడు అంకెలూ నివేదికలోనే ఉంటే, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా, పైడిభీమవరంలో ప్లాంట్లున్న లిస్టెడ్ కంపెనీలతో మొదలుపెట్టి, ఈ ర్యాంకుల పట్టికలన్నిటినీ తిరగరాయగలడు.